గడియ మీది మసి

తెరుచుకోదని అందరికీ తెలుసు. అయినా ఆ తలుపును తోయడానికి జనం మెట్ల దాకా బారులు తీరారు.

గ్యాలరీ రెండో అంతస్తులో పెద్ద హాలు. హాలుకు అడ్డంగా తెల్లటి ప్లైవుడ్ గోడ. ఆ గోడలో, ఇనుప చట్రంతో సహా బిగించిన ఒక పాత తలుపు. చెక్క మీద రేకు తాపడం. కింది సగం మాడి బొగ్గయింది. పై సగంలో పొగ వెనక ఎర్ర రంగుతో వేసిన ‘3’ అంకె ఇంకా కనబడుతోంది. నడుం ఎత్తులో తుప్పు పట్టిన పెట్టె తాళం. పక్కన అరచేతిలో ఇమిడేంత బోర్డు, దాని మీద ఒకే మాట: ‘తోయండి’.

తోసేవాళ్లు. మొదట నవ్వుతూ, ఒంటి చేత్తో. తర్వాత రెండు చేతులతో. తర్వాత భుజం ఆనించి. సరిగ్గా అప్పుడు లైట్లన్నీ ఆరిపోయేవి. ఇరవై సెకన్లు. చీకట్లో ఎవరి ఊపిరి వాళ్లకే వినబడేది. మళ్లీ లైట్లు వెలిగేసరికి ఎవరి ముఖంలోనూ నవ్వు ఉండేది కాదు. బయటికి వెళ్లే దారిలో గోడ మీద పన్నెండు అంకెలు రాసి ఉండేవి. అవి వయసులు. పేర్లు లేవు. పంతొమ్మిది, ముప్పై నాలుగు, ఇరవై రెండు... ఏడో అంకె ఇరవై తొమ్మిది.

ఆ ఇరవై తొమ్మిది ఫిట్టర్ చెల్లెలు.

ఫిట్టర్ ఆ గోడ వెనకే ఉండేవాడు. మనిషి అడ్డంగా నడవాల్సినంత సన్నటి సందులో, చేతిలో స్పానరుతో. పద్నాలుగేళ్లుగా ఆ గ్యాలరీలో బొమ్మలు మోయడం, తగిలించడం, నిలబెట్టడం అతని ఉద్యోగం. “ఏ బొమ్మకి అర్థమేంటో నన్నడక్కండి. ఏ బొమ్మ ఎన్ని కిలోలో అడగండి, కళ్లు మూసుకుని చెప్తా” అని సందర్శకులతో హాస్యమాడేవాడు. ఈ తలుపు బరువు తొంభై ఆరు కిలోలు. దాన్ని గురించి మాత్రం ఎవరితోనూ హాస్యమాడలేదు.

మూడేళ్ల కిందట గొడుగుల కంపెనీ మూడో యూనిట్ తగలబడింది. గుడ్డ, స్పాంజి, జిగురు. అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. పన్నెండు మంది ఆడవాళ్లు పోయారు. ఇరవై రోజుల్లో విచారణ ముగిసింది. నివేదికలో ఒక పేరా ఫిట్టర్‌కి కంఠతా వచ్చు. వెనక తలుపుకి తాళం వేసి లేదు. లైన్ సూపర్‌వైజరు కంగారుపడి, పనివాళ్లను ఆ తలుపు వైపు వెళ్లనివ్వకుండా మెట్ల వైపు మళ్లించింది. ప్రాణనష్టానికి అదే ముఖ్య కారణం.

లైన్ సూపర్‌వైజరు అంటే చెల్లెలే.

ఆ ఒక్క పేరాతో వీధంతా వాళ్ల ఇంటికి మొహం చాటేసింది. పోయిన మిగతా పదకొండు మందిలో ఏడుగురు ఆ వీధి వాళ్లే మరి. అమ్మ కొళాయి దగ్గరికి వెళితే పక్కన బిందెలు జరిగిపోయేవి. కొట్టువాడు మాట్లాడకుండా సరుకిచ్చేవాడు. అందరికంటే పచ్చిగా తిట్టింది గుండీలత్త. గొడుగు పట్టీలకు గుండీలు కుట్టే మనిషి, అందుకే ఆ పేరు. ఆమె చిన్న కూతురికి చనిపోయే నాటికి పంతొమ్మిది.

“నా పిల్ల తలుపు దాకా వెళ్లిందట! నీ కూతురు చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లిందట! పోతే పోయింది, దాని పాపాన అది పోవాలిగానీ నా పిల్లని ఎందుకు తీసుకుపోయిందే?” అని నడివీధిలో నిలబడి అరిచింది. ఆ రోజు నుంచి అమ్మ పగలు కూడా కిటికీ రెక్క మూసే ఉంచేది.

తాళం వేసి ఉంటే కథ వేరు. తెరుచుకోని తలుపు దగ్గర నుంచి పిల్లల్ని మెట్ల వైపు లాక్కెళ్లిన మనిషి దోషి కాదు. చివరి దాకా బుర్ర పనిచేసిన ఒకే ఒక్క మనిషి. తాళం వేసి ఉందా, లేదా? ఫిట్టర్ ఇంట్లో మూడేళ్లుగా మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే.

తలుపు దొరకడం కాకతాళీయం. గ్యాలరీ కోసం ఇనుప యాంగిళ్లు కొనడానికి పాత సామాన్ల యార్డుకి వెళ్లినప్పుడు, కూలగొట్టిన యూనిట్ తాలూకు తుక్కులో ఎర్రటి ‘3’ కనబడింది. చట్రానికి అతుక్కుపోయిన తలుపు. అతను దాని ముందు అరగంట కూర్చున్నాడు. మర్నాడు, గ్యాలరీలో కొత్త ప్రదర్శన కోసం వెతుకులాటలో ఉన్న ఆర్టిస్టుకి చెప్పాడు. పొట్టి జుట్టు, ఎప్పుడూ రంగు అంటిన గోళ్లు, డొంకతిరుగుడు లేని మాట. ఆమె వెళ్లి చూసి వచ్చి ఒకటే అంది.

“నేనేమీ చెయ్యను. దీన్ని ఇలాగే నిలబెడదాం. జనం చేత తోయిద్దాం.”

“తోస్తే తెరుచుకుంటుందేమో మేడమ్. కాలిన చెక్క కదా.”

“తెరుచుకోకూడదు. వెయ్యిమంది తోసినా తెరుచుకోకూడదు. అది నీ పని. పైకి మాత్రం ఏదీ ముట్టుకున్నట్టు కనబడకూడదు.”

చేశాడు. పద్నాలుగేళ్లలో అంత మనసు పెట్టి ఏ పనీ చేయలేదు. వేడికి వంగిన చట్రాన్ని నిటారు చేయాలంటే తలుపును చట్రం నుంచి విడదీయాలి. తాళంపెట్టె కూడా వేడికి చట్రానికి కరుచుకుపోయింది, విడదీయాలంటే దాన్ని విప్పాలి. విప్పాడు. లోపలంతా మసి, బూడిద. చెల్లెలి చెయ్యి తగిలిన తాళం అది, అలా వదిలేయబుద్ధి కాలేదు. శుభ్రం చేసి, చట్రం సరిచేసి, అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ బిగించాడు. వెనకవైపు తలుపు కదలకుండా పట్టే నాలుగు ఇనుప క్లాంపులు వేశాడు. సాయంత్రం ఎప్పట్లాగే పని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. ఏ మేకు తీశాడో, ఏ మేకు కొట్టాడో రాయకుండా అతనికి ఇల్లు చేరే అలవాటు లేదు.

ప్రదర్శన మొదలైన నాలుగో రోజు గుండీలత్త వచ్చింది.

గోడకున్న సన్నటి చీలికలోంచి ఫిట్టర్ చూశాడు. తిట్టడానికే వచ్చి ఉంటుంది. చెప్పులు విడిచి, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఆమె తలుపుకు రెండు చేతులూ ఆనించింది. తోసింది. మళ్లీ తోసింది. లైట్లు ఆరాయి. చీకట్లో దబదబా చప్పుడు. ఆమె పిడికిళ్లతో కొడుతోంది. తలుపు అదురు క్లాంపుల్లోంచి అతని అరచేతిలోకి వచ్చింది. ఇరవై సెకన్ల తర్వాత వెలుగులో ఆమె నేల మీద కూర్చుని ఉంది. వెనకున్న ఎవరో కాలేజీ పిల్ల ఆమె భుజం పట్టుకుని తనూ ఏడుస్తోంది.

“తెరుచుకోవట్లేదు. ఇది తెరుచుకోవట్లేదమ్మా. ఆ పిల్ల ఏం చేస్తుంది పాపం?” అంది గుండీలత్త, ఎవరితోనో చెబుతున్నట్టు.

ఆ పిల్ల అంటే తన చెల్లెలేనని ఫిట్టర్‌కి అర్థమైంది. స్పానరు చేతిలోంచి జారిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె వాళ్ల ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, “వదినా, కిటికీ తియ్యి. ఉక్కపోతగా ఉంది” అంది. అంతే. క్షమాపణలూ అవీ లేవు. అమ్మ లేచి కిటికీ తీసింది. మర్నాడు మధ్యాహ్నం గుండీలత్త తన గుండీల సంచి తెచ్చుకుని వాళ్లింట్లోనే కుట్టడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి అమ్మ కూడా సూది పట్టింది. ఇద్దరూ వంకర కుట్లు చూసి ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్లు. మూడేళ్ల తర్వాత అమ్మ నవ్వు వినబడ్డ రోజు ఫిట్టర్ చెప్పులు విప్పుకోవడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ తర్వాత గాలి మారింది. తలుపు ఫొటోలు పేపర్లకెక్కాయి. తోసివచ్చినవాళ్లు ఊరుకోలేదు. ఆఫీసుల్లో, కాలేజీల్లో, బస్సుల్లో అదే మాట. ఇంత గట్టి తలుపు తాళం లేకుండా ఎలా ఆగుతుంది? మొదటి విచారణలో ఎవరైనా దీన్ని చూశారా? సంతకాలు సేకరించారు. గొడుగుల కంపెనీ ముందు జనం తెరవని గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. నలభై రోజులకు ప్రభుత్వం దిగొచ్చింది. కొత్త కమిషన్ వేసింది. ఒక రిటైర్డు జడ్జి, ఆయనకు సాయంగా ఒక అగ్నిప్రమాదాల ఇంజనీరు.

“ఒక బొమ్మ ప్రభుత్వం చేత పని చేయించింది! నా సర్వీసులో చూడలేదు” అని గ్యాలరీ డైరెక్టర్ ఎదురుపడ్డవాళ్లకల్లా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఫిట్టర్‌కి రెండుసార్లు ఇచ్చాడు.

అమ్మ కూడా అడిగింది. “ఇప్పుడు ఆ పేరా కొట్టేస్తారా?”

“కొట్టేస్తారమ్మా. తలుపు చూస్తే చాలు.”

కమిషన్ రావడానికి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి డైరెక్టర్ ఒక కాగితం తెచ్చి ఫిట్టర్ బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు రాసిన ఉత్తరం. రెండు పేరాలు. రేపు పదింటికి తాళం విప్పి గడియ చూస్తాం. మంటల సమయంలో తాళం వేసి ఉంటే గడియ ముందుభాగం చట్రం గూట్లో ఉంటుంది, దానికి మసి పట్టదు. తాళం వేసి లేకపోతే గడియ తాళంపెట్టె లోపల ఉంటుంది, మసి మరోలా పడుతుంది. గడియ మీది మసి గీత ఎక్కడ ఆగిందో చూస్తే నిజం తేలిపోతుంది. దయచేసి అప్పటిదాకా తాళాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

ఫిట్టర్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

వైరు బ్రష్షు ఎదురుగా మేకుకి వేలాడుతోంది.

ఆర్టిస్టు వచ్చేసరికి అతను స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ చూసుకుంటున్నాడు. ఏమైందని అడిగింది. చెప్పాడు. కిరోసిన్‌లో నానబెట్టాను. బ్రష్షుతో రుద్దాను. గరుకు కాగితం పట్టాను. గడియ తళతళలాడింది. నూనె కూడా వేశాను మేడమ్.

ఆమె పనిగది తలుపు వేసి వచ్చింది.

“నేను పైపైన ముట్టుకోవద్దన్నాను. లోపల అనలేదు. తప్పు నాది కూడా.” గట్టిగా ఊపిరి పీల్చింది. “సరే, విను. మసి చేయడం నాకు మంచినీళ్లు తాగినంత పని. పాత ఇనుము మీద మూడేళ్ల మసి, నూనె జిడ్డు, తుప్పు, అన్నీ వేస్తాను. నా గురువే కనిపెట్టలేడు, ఆ ఇంజనీరెంత? ఉన్నదాన్ని తుడిచేశావు. తుడిచేసినదాన్ని మళ్లీ పెడుతున్నాం, అంతే. అబద్ధమేమీ కాదు.”

ఫిట్టర్ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ పరుగున వెళ్లారు. హాలు మూసే ఉంది, కమిషన్ కోసం రెండు రోజులుగా జనాన్ని రానివ్వడం లేదు. అయిదు నిమిషాల్లో తాళం బల్ల మీద ఉంది. ఆమె సంచిలోంచి చిన్న బ్రష్షులు, దీపపు మసి, ఏదో జిగురు తీసింది. గడియను వెలుగులోకి తిప్పి పట్టుకుంది.

“చెప్పు. ఎక్కడిదాకా మసి ఉండేది?”

ఫిట్టర్ నోరు తెరిచాడు.

“ఇక్కడిదాకానా? లేక మొత్తమా? ముందుభాగం తెల్లగా ఉండేదా? నువ్వు విప్పినప్పుడు ఎలా ఉందో చెప్పు చాలు. తతిమ్మాది నాకొదిలేయ్.”

అతను కళ్లు మూసుకున్నాడు. తాళం విప్పిన రోజు గుర్తుంది. మొండి స్క్రూ ఒకటి గుర్తుంది, దాని తల విరిగింది. కిరోసిన్ డబ్బా గుర్తుంది. రేడియో గుర్తుంది. తాళం చేతిలోకి వచ్చిన క్షణం మాత్రం లేదు. ఎన్ని తాళాలు విప్పలేదు జీవితంలో? చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గడియ బయటికి ఉందా, లోపలికి ఉందా? చూశాడా? చూసే ఉంటాడు. కళ్లెదురుగా ఉన్న దాన్ని చూడకుండా ఎలా ఉంటాడు?

“ఏమయ్యా?”

“బయటికే ఉంది మేడమ్. ఉండే ఉంటుంది.”

“ఉండే ఉంటుందా? ఉందా?”

ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

“నీకు గుర్తు లేదు.”

“మేడమ్, వేయండి. తాళం వేసి ఉన్నట్టే వేయండి. అది తప్ప ఇంకోటి ఎలా అవుతుంది? నా చెల్లెలు ఊరికే పిల్లల్ని వెనక్కి తిప్పే మనిషా? మీకు దాని సంగతి తెలీదు. ఒక్క గీత. ముందుభాగం వదిలేసి ఒక్క గీత గీయండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

నిజంగానే వంగాడు. ఆమె వెనక్కి జరిగింది.

“ఉన్నదాన్ని మళ్లీ వేస్తానన్నాను. ఉందో లేదో తెలీనిదాన్ని వేస్తే అది బొమ్మవుతుంది. నేను రోజూ వేసే బొమ్మలాంటిదే. వాళ్లు అడుగుతున్నది బొమ్మని కాదు.” బ్రష్షులు సంచిలో వేసుకుంది. “తాళం ఎక్కడిదక్కడ బిగించెయ్. రేపు నిజం చెప్పు. తుడిచానని చెప్పు. గడియ బయటికి ఉందని నమ్మకముంటే అదీ చెప్పు. అప్పుడు నీ పక్కన ఇంకెవరూ లేరుగా. నీ మాటే సాక్ష్యం.”

మర్నాడు పదింటికి హాల్లో ముప్పైకి పైగా కుర్చీలు. ముందు వరసలో అమ్మ, పక్కనే గుండీలత్త. వెనక ఆ వీధి మొత్తం. ఫిట్టర్ అటువైపు చూడకుండా ఉండటానికి తెగ ప్రయత్నించాడు.

ఇంజనీరు బక్కపలచటి ముసలాయన. తనే స్క్రూలు విప్పాడు. తాళాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి కళ్లజోడు పైకి నెట్టి, భూతద్దం దించాడు. ఒక నిమిషం. రెండు. ఆయన భూతద్దం పక్కన పెట్టి, ఎవరినీ తిట్టనట్టు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

“ఎవరో చాలా శ్రద్ధగా తుడిచారు.”

“నేనేనండి” అన్నాడు ఫిట్టర్.

“ఎందుకు బాబూ?”

“మురికిగా ఉందని.”

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. జడ్జి తలెత్తేసరికి ఆగిపోయారు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. “మూడేళ్లు నిప్పు, వాన, తుక్కుకొట్టు ఏవీ చెరపలేనిదాన్ని చెరిపేశావు. ఇంత మంచి పనివాడివి కాకపోతే బాగుండేది” అని తాళాన్ని గుడ్డలో చుట్టాడు.

కంపెనీ లాయరు లేచాడు. సౌమ్యంగా, నిద్ర చాలని మనిషిలా ఉన్నాడు. గొంతు పెంచలేదు.

“పోయిన సూపర్‌వైజరు మీకేమవుతారు?”

“చెల్లెలు.”

“అయ్యో.” ఒక్క క్షణం నిజంగానే ఆగాడు. “ఈ తలుపు ఇన్నాళ్లూ తెరుచుకోకుండా ఆపింది ఏమిటండీ? ఈ తాళమా?”

“వెనక క్లాంపులున్నాయి.”

“ఎవరు వేశారు?”

“నేనే.”

“అంటే ఇక్కడికొచ్చి తోసి, ఏడ్చి, సంతకాలు పెట్టినవాళ్లందర్నీ ఆపింది మీ క్లాంపులు. తాళం కాదు.”

ఫిట్టర్ తల ఊపాడు. నోటితో చెప్పమన్నారు. “క్లాంపులే” అన్నాడు.

“తాళం విప్పినప్పుడు గడియ ఎలా ఉంది?”

ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసమే మూడేళ్లు. అమ్మ కుర్చీ అంచుకు జరిగింది. అతను రాత్రంతా వెయ్యిసార్లు పలికి చూసుకున్న మాట గొంతులో సిద్ధంగా ఉంది.

“బయటికి ఉంది. తాళం వేసే ఉంది.”

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. గుండీలత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. లాయరు మాత్రం బల్ల మీది కాగితాల్లోంచి ఒక ఫొటోకాపీ తీశాడు. గ్యాలరీ పంపిన పత్రాల్లోదట. వారం కిందటే డైరెక్టర్ అన్నిటితో పాటు పని రిజిస్టరు కాపీ కూడా కట్టగట్టి పంపాడు. ఆ సంగతి ఫిట్టర్‌కి తట్టనే లేదు.

“ఇది మీ చేతిరాతేనా? చదువుతాను. ‘తాళం విప్పి కడిగాను. గడియ పట్టేసి ఉంది. వంచిన తీగతో పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించాను. ఇప్పుడు సాఫీగా నడుస్తోంది. బయటికి పెట్టి బిగించాను.’ చక్కగా రాశారు. నాదొక చిన్న సందేహం. పదిసార్లలో మొదటిసారి ఎటు తోశారు? లోపలికా, బయటికా?”

ఫిట్టర్ చెయ్యి గాల్లోకి లేచింది. తీగ పట్టుకున్నట్టు వేళ్లు మడిచాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి దాదాపు నిమిషం పాటు గాల్లో లేని తాళాన్ని ఆడించింది. దానికి ఏమీ గుర్తు రాలేదు.

జడ్జి ముందుకు వంగాడు. “కంగారు లేదు. ఆలోచించి చెప్పండి. మీకు తెలుసా, తెలియదా?”

అబద్ధం చెప్పొచ్చు. లోపలికి తోశాను అంటే చాలు, గడియ అప్పటికి బయటికి ఉన్నట్టే. కానీ జడ్జి గొంతులో కాస్త జాలి ఉంది, ఆ జాలి ముందు అబద్ధం నోటికి రాలేదు.

“తెలియదండి” అన్నాడు.

జనం లేచిపోతున్నారు. కుర్చీల చప్పుడు. గుండీలత్త నెమ్మదిగా అతని దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

“అయితే ఆ రోజు నేను తోసింది నీ క్లాంపులనా, అబ్బాయ్?”

“అత్తా, అది కాదు...”

“నా పిల్ల తోసి ఉంటే తెరుచుకునేదా?”

ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత చెప్పులు వేసుకుని అమ్మ వైపు చూడకుండానే మెట్లు దిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి వచ్చి, గుండీల సంచి ఇమ్మని గుమ్మం బయటే నిలబడి అడిగింది. అమ్మ కుట్టినవీ కుట్టనివీ వేరుచేసి, మూతి కట్టి ఇచ్చింది.

నెల తర్వాత కమిషన్ నివేదిక వచ్చింది. పదకొండు పేజీలు. చివరి వాక్యం: మొదటి విచారణ నిర్ధారణలను మార్చడానికి తగిన ఆధారం లభించలేదు.

ప్రదర్శన మూసేద్దామని ఆర్టిస్టు పట్టుబట్టింది. డైరెక్టర్ ఒప్పుకోలేదు.

“ఇప్పుడా? ఇప్పుడేగా అసలు చర్చ మొదలైంది! నిన్న ఒక్కరోజే ఎంతమంది వచ్చారో తెలుసా? తలుపు ముందే రెండు వర్గాలై వాదించుకుంటున్నారు. తాళం వేసే ఉందని కొందరు, అంతా నాటకమని కొందరు. ప్రశ్నలు రేపడమే కదా మేడమ్ కళ పని?”

“ఆ ప్రశ్న కింద ఒక ఇల్లు ఉందండీ” అంది ఆమె.

“ప్రతి ప్రశ్న కిందా ఎవరిదో ఒకరిది ఉంటుంది” అన్నాడు డైరెక్టర్. చెడ్డవాడు కాదు. నిజంగానే అలా నమ్మాడు.

ఆమె మళ్లీ గ్యాలరీ మెట్లెక్కలేదు. తలుపు మాత్రం అక్కడే ఉంది. తాళాన్ని కమిషన్ సీలు వేసి పట్టుకుపోయింది. దాని చోట నలుచదరపు మచ్చ, నాలుగు బెజ్జాలు. జనం తోస్తున్నారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు ఇకిలిస్తూ ఫొటోలు దిగుతున్నారు. కుర్రాళ్లు పందేలు కట్టి కాళ్లతో తన్నుతున్నారు. ఆ తాకిడికి క్లాంపులు రోజూ వదులవుతున్నాయి. రోజూ పొద్దున గ్యాలరీ తెరవకముందు ఫిట్టర్ ఆ సందులో అడ్డంగా నడిచి వెళ్లి, నాలుగూ బిగించి, రిజిస్టరులో రాసి సంతకం పెడుతున్నాడు. వదిలేస్తే ఏమవుతుందని ఒకరోజు అనుకున్నాడు. తలుపు తెరుచుకుంటుంది. తోసినవాడు నవ్వుతూ ఇవతలికి వచ్చి పడతాడు. అంతకంటే బిగించడమే నయం.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కిటికీ రెక్క మూసి ఉండేది. అమ్మ మంచినీళ్ల గ్లాసు అందిస్తూ అడిగేది.

“ఏమైనా గుర్తొచ్చిందా?”

ఎత్తిపొడుపు కాదు. కోపం కూడా కాదు. బస్సు దొరికిందా అని అడిగినట్టు అడిగేది. “లేదమ్మా” అనేవాడు. ఆమె తల ఊపి వంటింట్లోకి వెళ్లేది. రోజూ అదే మాట. మొదట్లో ఆ ప్రశ్న వినలేక వీధి చివర గంటసేపు నిలబడి వచ్చేవాడు. తర్వాత తర్వాత దాని కోసమే తొందరగా వచ్చేవాడు. ఆమె అడుగుతున్నంత కాలం, ఎక్కడో ఒకచోట అది ఇంకా ఉన్నట్టే. ఏదో ఒకరోజు చేతికి తడుతుంది. బస్సులో, నిద్రలో, ఇంకో తాళం విప్పుతున్నప్పుడు.

వానాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం తడిసి వచ్చాడు. అమ్మ తువ్వాలు ఇచ్చింది. గ్లాసు ఇచ్చింది. అతను తాగకుండా పట్టుకుని, ఆమె రోజూ అడిగే మాట కోసం నిలబడ్డాడు.

ఆమె గ్లాసు వైపు చూసి, “చల్లారకముందే అన్నం తిను” అని లోపలికి వెళ్లిపోయింది.